రాబర్ట్ ప్లాంట్ సోలో పాటల్లో ఏవి వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివాను. ప్లాంట్ పాడిన బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్స్ అన్నీ అరగదీసేశారు, ఇప్పుడు రాబర్ట్ ప్లాంట్ సోలోగా పాడినవాటిలో ఫేమస్ పాటలేంటో చూద్దామని ‘టాల్ కూల్ వన్’ ఒకటి, అలిసన్ క్రాస్‌తో కలిసి పాడిన పాట ఒకటి విన్నారు, రెండూ ఒకే మనిషి పాడినట్టు లేవు, మొదటిదాంట్లో సౌండ్ పాతబడిపోయినట్టుంది, రెండోదాంట్లో అసలు ఊపే లేదు, ఇంకా ముందుకెళ్ళడం వర్తేనా అని అడిగారు. ఖచ్చితంగా వర్త్ అండి. కాకపోతే మీరు విన్న ఆ రెండు పాటలకీ మధ్య దాదాపు ఇరవై ఏళ్ళు ఉన్నాయి, ఆ మధ్యలో ఏం జరిగిందో తెలియకుండా రెండు చివర్లూ పట్టుకుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

నేను వెస్టర్న్ వోకల్స్ నేర్పిస్తాను, అందుకని గొంతు వైపు నుంచే చెప్తాను. క్లాసుకొచ్చే కుర్రాళ్ళలో రాక్ పిచ్చి ఉన్నవాళ్ళు మొదట ట్రై చేసేది ప్లాంట్ కేకే, ‘ఇమ్మిగ్రెంట్ సాంగ్’ మొదట్లో వచ్చేది ఉంది కదా, అది. గొంతు బొంగురుపోయాక అప్పుడు సోలో పాటలు వినిపిస్తాను నేను. ఎందుకంటే ప్లాంట్ సోలో కెరీర్ మొత్తం వరసగా వింటే, అంత గొంతున్న మనిషి ఒక్కో ఆల్బమ్‌కీ ఆ గొంతుని ఎక్కడ వాడకూడదో నేర్చుకుంటూ పోవడం స్పష్టంగా తెలుస్తుంది. పెద్ద హిట్లు కూడా చాలావరకు ఆయన తగ్గి పాడినప్పుడే వచ్చాయి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుని వినండి, జెప్పెలిన్ కోసం వెతుక్కుంటూ వింటే మాత్రం ప్రతి పాటలోనూ నిరాశే.

కొంచెం వెనక కథ అవసరం. 1980 సెప్టెంబర్ 25న డ్రమ్మర్ జాన్ బోనమ్ చనిపోయాడు, డిసెంబర్‌లో బ్యాండ్ ఇక లేదని ప్రకటించేశారు. ప్లాంట్‌కి అప్పటికి 32 ఏళ్ళు. అంతకుముందే 1975లో గ్రీస్ దేశంలోని రోడ్స్ దీవిలో కారు యాక్సిడెంట్‌లో బాగా దెబ్బలు తగిలాయి, 1977లో ఐదేళ్ళ కొడుకు కారక్ జబ్బు చేసి పోయాడు. బోనమ్ అంటే ఊరికే డ్రమ్మర్ కాదు, జెప్పెలిన్ కంటే ముందు బ్యాండ్ ఆఫ్ జాయ్ అనే గ్రూపులో ఇద్దరూ కలిసి వాయించినవాళ్ళు, ఒకే ప్రాంతం వాళ్ళు. సో ప్లాంట్ 1982లో సోలో ఆల్బమ్‌తో వచ్చాడంటే అది బ్యాండ్ బోరు కొట్టి బయటికొచ్చిన సింగర్ ఆల్బమ్ కాదు, ఇక చేసేదేమీ లేక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిన మనిషి ఆల్బమ్.

ఆ మొదటి ఆల్బమ్ పేరు ‘పిక్చర్స్ ఎట్ ఎలెవెన్’. ఇందులో చాలా పాటలకి డ్రమ్స్ ఎవరు వాయించారో తెలుసా, ఫిల్ కాలిన్స్. అప్పటికే జెనెసిస్ బ్యాండ్‌లోనూ సోలోగానూ పెద్ద పేరున్న మనిషి, అయినా వచ్చి వెనక కూర్చుని వాయించాడు, 1983లో అమెరికా టూర్‌కి కూడా డ్రమ్మర్‌గానే వెళ్ళాడు. గిటార్ రాబీ బ్లంట్. ఈయన పేరు పెద్దగా ఎవరూ చెప్పరు గానీ ప్లాంట్ తొలి సోలో సౌండ్ సగం ఈయనదే, జెప్పెలిన్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ లాగా వాయించే ప్రయత్నమే చెయ్యలేదు, సన్నగా, శుభ్రంగా, ఖాళీలు వదిలి వాయించాడు. ఆ ఖాళీల వల్లే సింగర్‌కి అరవాల్సిన అవసరం పోయింది. సింగిల్‌గా వచ్చింది ‘బర్నింగ్ డౌన్ వన్ సైడ్’, బాగుంటుంది, కానీ నా లెక్కలో ఈ ఆల్బమ్‌కి ప్రాణం ‘స్లో డ్యాన్సర్’. దాదాపు ఎనిమిది నిమిషాలు, డ్రమ్స్ కోజీ పావెల్, అరబ్బు సంగీతం వాసన గట్టిగా ఉంటుంది. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ అంటే ప్లాంట్‌కి ప్రాణం. మీకు జెప్పెలిన్ పాట ‘కాశ్మీర్’ ఇష్టమైతే అక్కణ్ణుంచి సోలోకి దాటడానికి మీకు దగ్గరి దారి ఇదే. ఇదే ఆల్బమ్‌లో ‘మూన్‌లైట్ ఇన్ సమోసా’ అనే పాట కూడా ఉంది, పేరు చూసి దాటెయ్యకండి, మెత్తటి మంచి పాట.

ఇక 1983, ‘ది ప్రిన్సిపుల్ ఆఫ్ మూమెంట్స్’. ఇక్కడ మీరు కూర్చోవాలి. ‘బిగ్ లాగ్’ ఈ ఆల్బమ్‌లోదే. అమెరికాలో 20వ స్థానం, బ్రిటన్‌లో 11, సోలోగా ఆయన మొదటి పెద్ద హిట్. ఎవరైనా నన్ను ప్లాంట్ సోలోలో ఒక్కటే పాట చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

వినేటప్పుడు ఇలా వినండి. మొదట ఒక మెషీన్ తాళం, చాలా పొడిగా, టిక్కు టిక్కుమంటూ నడుస్తుంటుంది, జెప్పెలిన్ అభిమానులకి అక్కడే చిరాకు మొదలవుతుంది, బోనమ్ ఉన్న చోట మెషీనా అని. దానిమీద బ్లంట్ గిటార్ వస్తుంది, స్పానిష్ ఛాయలో, ఒక్కో నోటు విడిగా, వెనక ఎకో. ఆ తర్వాత గొంతు. ఎంత కింద నుంచి మొదలవుతుందో చూడండి. మాట్లాడుతున్నట్టే ఉంటుంది, పక్క సీట్లో కూర్చున్న మనిషితో చెప్తున్నట్టు. పాట అంతా హైవే మీద ప్రయాణం, విడిపోయిన ప్రేమ, అద్దంలో వెనక్కి పోతున్న రోడ్డు, ఇదే వాతావరణం. వీడియోలో కూడా ఎడారి, పాత కారు, పెట్రోల్ బంకు. మీరు గొంతు పైకెళ్ళే చోటు కోసం ఎదురుచూస్తారు, వెళ్తుంది, కానీ అరుపు దాకా వెళ్ళదు, అంచు దాకా వచ్చి ఆగిపోతుంది, మళ్ళీ కిందకి దిగుతుంది. ఈ పని ఎంత కష్టమో పాడేవాళ్ళకి తెలుస్తుంది, పైకి వెళ్ళగలిగిన గొంతుని సగంలో ఆపి అక్కడ ఊపిరి వదలకుండా నిలబెట్టడం. మా క్లాసులో దీన్ని పాడమంటే అందరూ ఈజీ అనుకుని మొదలుపెడతారు, రెండో చరణానికి శృతి జారిపోతుంది.

అదే ఆల్బమ్‌లో ‘ఇన్ ది మూడ్’, అమెరికాలో 39 దాకా వెళ్ళింది. ఈ పాటలో చెప్పడానికి పెద్ద విషయమేమీ లేదు, కావాలనే లేదు. ఒకటే మాట తిప్పి తిప్పి పాడతాడు, కాలిన్స్ డ్రమ్స్ ఒకటే నడకలో పోతాయి, మూడు నాలుగు సార్లు వింటే దిగదు ఇక బుర్రలోంచి. ‘అదర్ ఆర్మ్స్’ కూడా అమెరికన్ రాక్ రేడియోలో ఒకటో స్థానానికి వెళ్ళింది, ఊపున్న పాటలు కావాలంటే ఇది.

తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. 1984 చివర్లో ది హనీడ్రిప్పర్స్ అనే పేరుతో ఐదు పాటల చిన్న రికార్డు. అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెత్ ఎర్టెగన్‌కి 50ల నాటి పాటలంటే పిచ్చి, ఆయన ఐడియాతోనే అయింది, గిటార్లకి జిమ్మీ పేజ్, జెఫ్ బెక్, నైల్ రాడ్జర్స్, ఇంతమంది కలిసి వాయించింది ఏంటంటే పాతకాలపు రిథమ్ అండ్ బ్లూస్, క్రూనింగ్ (మైకు దగ్గర మెత్తగా ప్రేమపాటలు పాడే పద్ధతి). అందులో ‘సీ ఆఫ్ లవ్’ 1959లో ఫిల్ ఫిలిప్స్ పాడిన ప్రేమపాట. దీన్ని ప్లాంట్ ఎలా పాడాడంటే, వెనక వయొలిన్లు, కోరస్, ముందు ఈయన హాయిగా, ఏ అల్లరీ లేకుండా. అమెరికాలో మూడో స్థానం! జెప్పెలిన్ ఉన్నంతకాలం వాళ్ళ సింగిల్స్‌లో అన్నిటికంటే పైకి వెళ్ళింది ‘హోల్ లొట్టా లవ్’, అది నాలుగు దగ్గర ఆగింది. అంటే రాబర్ట్ ప్లాంట్ గొంతుతో అమెరికన్ చార్టులో అన్నిటికంటే పైకి వెళ్ళిన పాట ఒక మెత్తటి పాత ప్రేమగీతం. జెప్పెలిన్ వాళ్ళు సింగిల్స్ పెద్దగా వదిలేవాళ్ళు కాదు కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదు, ఒప్పుకుంటా, అయినా విషయం విషయమే. ఇంకా పాడొచ్చు, ఇదే బాటలో పోయి ఏడాదికొకటి వదిలితే డబ్బులే డబ్బులు. ప్లాంట్ ఆ పని చెయ్యలేదు. ‘వాల్యూమ్ వన్’ అని పేరు పెట్టి రెండో వాల్యూమ్ తియ్యనేలేదు. రాక్ సింగర్ని పట్టుకుని జనం క్రూనర్ అనుకుంటారేమో అన్న బెంగ ఆయనకి ఉండేదంటారు. అదే రికార్డులోని ‘రాకిన్ ఎట్ మిడ్‌నైట్’ కూడా వినండి, అది కూడా టాప్ 30లోకి వచ్చింది, దాంట్లో మంచి హుషారు ఉంది.

1985లో ‘షేకెన్ ఎన్ స్టర్డ్’. దీనిమీద ఎక్కువ చెప్పను. సింథసైజర్లు, విరిగిన తాళాలు, ప్రయోగం చేద్దామన్న కోరిక బాగానే ఉంది గానీ పాటలు నిలబడలేదు. ‘లిటిల్ బై లిటిల్’ ఒక్కటి తీసుకోండి, అది నిజంగా మంచి పాట, మిగతావి తర్వాత తీరిక ఉన్నప్పుడు. ఆ ఏడాదే లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీలో, ఫిలడెల్ఫియాలో జెప్పెలిన్ ముగ్గురూ స్టేజి ఎక్కారు, గొంతు సరిగ్గా లేదు, రిహార్సల్ లేదు, బాగా రాలేదు. అది చూసి ప్లాంట్ అయిపోయాడు అనుకున్నవాళ్ళు చాలామంది.

ఇప్పుడు మీరు విన్న ‘టాల్ కూల్ వన్’ దగ్గరకి వద్దాం. 1988, ‘నౌ అండ్ జెన్’. కీబోర్డ్ వాయించే ఫిల్ జాన్‌స్టన్ అనే కుర్రాడు డేవిడ్ బారట్‌తో కలిసి రాసిన ‘హెవెన్ నోస్’ డెమో ప్లాంట్ చేతికొచ్చింది, నచ్చింది, పాట తీసుకున్నాడు, జాన్‌స్టన్‌ని కూడా తీసుకున్నాడు, కొత్త కుర్రాళ్ళతో బ్యాండ్ కట్టాడు. అమెరికాలో ఆల్బమ్ ఆరో స్థానం, ముప్ఫై లక్షల కాపీలు దాటింది, సోలోగా ఆయన పెద్ద కమర్షియల్ సక్సెస్‌లలో ఒకటి.

‘టాల్ కూల్ వన్’ మీకు పాతబడినట్టు అనిపించడం న్యాయమే, ఆ డ్రమ్ సౌండ్ 1988కే అతుక్కుపోయింది. కానీ ఆ పాట ఎందుకలా ఉందో తెలిస్తే ఇంకోలా వినిపిస్తుంది. 1986లో బీస్టీ బాయ్స్ జెప్పెలిన్ డ్రమ్స్, గిటార్ ముక్కలు తమ రాప్ ఆల్బమ్‌లో వాడేసుకున్నారు. మా సామాను మీరు వాడితే మేం వాడుకోలేమా అన్నట్టు ప్లాంట్ తన పాటలోకి తనే జెప్పెలిన్ ముక్కలు దించాడు. చివరి నిమిషంలో చెవిపెట్టి వినండి, ‘బ్లాక్ డాగ్’, ‘హోల్ లొట్టా లవ్’, ‘ది ఓషన్’, ‘కస్టర్డ్ పై’, అన్నీ తుంపులు తుంపులుగా వచ్చిపోతుంటాయి. పైగా అసలు జిమ్మీ పేజే వచ్చి ఆ పాటకి గిటార్ వాయించాడు. ఎనిమిదేళ్ళు తన పాత బ్యాండ్ నీడని తప్పించుకుని తిరిగిన మనిషి మొదటిసారి ఆ నీడతో సరదాగా ఆడుకున్నాడు, నాకు ఆ పాటలో నచ్చేది అదే. కోకా కోలా యాడ్‌లో కూడా వాడారు, అమెరికాలో 25 దాకా వెళ్ళింది.

కానీ ఆ ఆల్బమ్‌లో నిలిచేది ‘షిప్ ఆఫ్ ఫూల్స్’. చార్టులో 84 దగ్గరే ఆగిపోయింది, ఏం చేస్తాం. నెమ్మదైన పాట, డగ్ బాయిల్ గిటార్ వెనక అలల్లాగా వచ్చి పోతుంటుంది, ప్లాంట్ గొంతు ‘బిగ్ లాగ్’ కంటే ఇంకా నిండుగా ఉంటుంది. ‘టాల్ కూల్ వన్’ నచ్చకపోతే ఆల్బమ్ మూసెయ్యకండి, దీనికి తిప్పండి. 1990లో వచ్చిన ‘మానిక్ నిర్వాణ’ నుంచి ‘హర్టింగ్ కైండ్’ రాక్ రేడియోలో వారాల తరబడి టాప్‌లో ఉంది, జిమ్‌లో వినడానికి బాగుంటుంది, అంతకంటే ఆ ఆల్బమ్ గురించి నాకు చెప్పాలనిపించదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్లాంట్ ఆల్బమ్ 1993లో వచ్చింది, ‘ఫేట్ ఆఫ్ నేషన్స్’. ఈ ఆల్బమ్‌లో కీబోర్డుల హోరు తీసి పక్కన పెట్టాడు, తన యవ్వనంలో విన్న 60ల కాలిఫోర్నియా సంగీతం దగ్గరకి, ఇంగ్లీషు జానపదం దగ్గరకి వెళ్ళాడు. ‘కాలింగ్ టు యూ’లో నైజెల్ కెన్నెడీ వయొలిన్ ఉంది, చివర్లో ఆ వయొలిన్ పెట్టే గోల చూడండి, జెప్పెలిన్ బరువు కావాలన్నవాళ్ళకి అది సరిపోతుంది. ‘29 పామ్స్’ ఈ ఆల్బమ్ హిట్, బ్రిటన్‌లో 21వ స్థానం, కాలిఫోర్నియా ఎడారిలో ఒక ఊరి పేరది, మళ్ళీ రోడ్డు, మళ్ళీ ఎడారి, దూరంగా వెళ్ళిపోయిన మనిషి గొంతు రేడియోలో వినిపిస్తే గుండె కలుక్కుమనడం. ‘బిగ్ లాగ్’ పక్కన పెట్టి వినండి, పదేళ్ళలో గొంతు ఎంత తేలికపడిందో తెలుస్తుంది. టిమ్ హార్డిన్ రాసిన ‘ఇఫ్ ఐ వర్ ఎ కార్పెంటర్’ కూడా ఇందులో పాడాడు.

అయితే ఈ ఆల్బమ్‌లో మీరు తప్పకుండా ఆగాల్సిన పాట ‘ఐ బిలీవ్’. అది కారక్ కోసం రాసింది. కొడుకు పోయి అప్పటికి పదహారేళ్ళు. 1979లో జెప్పెలిన్‌లో ఉండగానే వాడి కోసం ‘ఆల్ మై లవ్’ పాడాడు, మీకు తెలిసే ఉంటుంది. ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. ‘ఆల్ మై లవ్’ పెద్ద పాట, కీబోర్డ్ సోలో, చివర్లో గొంతు బతిమాలుకుంటూ పైపైకి పోతుంది. ‘ఐ బిలీవ్’ వింటే దాంట్లో దుఃఖం ఉందని ముందు తెలియనే తెలియదు, గిటార్లు మోగుతూ ఉంటాయి, ట్యూన్ హాయిగా ఉంటుంది, రేడియోలో వస్తే తలాడిస్తూ వింటాం. మాటల్లోకి వెళ్తే అప్పుడు తగుల్తుంది, తోబుట్టువుకి ఆకాశంలో ఉన్న తమ్ముణ్ణి చూపిస్తున్నాడు. ఎక్కడా గొంతు వణికించలేదు, ఎక్కడా ఏడిపించే ప్రయత్నం చెయ్యలేదు. మన సినిమా పాటల్లో విషాదం అనగానే గొంతు జీర, ఆ వెనక వయొలిన్లు, ఇవి వినీ వినీ అలవాటైపోయిన చెవికి ఇది మొదట చప్పగా అనిపించొచ్చు. రెండు మూడు రోజులు వదిలేసి మళ్ళీ వినండి. నాకైతే ఈ పాట నిబ్బరంగా విని పూర్తిచెయ్యడం ఇప్పటికీ కష్టమే.

1994లో పేజ్‌తో కలిసి చేసిన ‘నో క్వార్టర్’ని సోలో అనలేం గానీ వదిలెయ్యలేం కూడా. ఈజిప్టు వాద్యకారుల్ని పెట్టి పాత పాటల్ని మళ్ళీ చేశారు, 1971లో శాండీ డెన్నీ పాడిన భాగాన్ని ‘ది బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్’లో నజ్మా అఖ్తర్ పాడింది, మన దేశపు మూలాలున్న బ్రిటిష్ గాయని, ఆమె గమకాలు ఆ పాటలో ఎంత సహజంగా ఒదిగిపోయాయో వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఈ తూర్పు పిచ్చి కొత్తగా పుట్టిందేమీ కాదు, 1972లో పేజ్, ప్లాంట్ ఇద్దరూ బొంబాయి వచ్చి ఇక్కడి వాద్యకారులతో ‘ఫ్రెండ్స్’, ‘ఫోర్ స్టిక్స్’ రికార్డ్ చేసి చూశారు, అవి 2015లో ‘కోడా’ ఆల్బమ్ కొత్త ఎడిషన్‌తో అధికారికంగా బయటికొచ్చాయి. తబలా, సితార్‌తో ఆ పాటలు దొరికితే వినండి.

1998లో పేజ్, ప్లాంట్ కలిసి ఇంకో ఆల్బమ్ చేశారు, ‘వాకింగ్ ఇంటు క్లార్క్స్‌డేల్’. అందులో ‘ప్లీజ్ రీడ్ ది లెటర్’ అనే పాట ఉంది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా.

2000 తర్వాత స్ట్రేంజ్ సెన్సేషన్ అనే బ్యాండ్‌తో ‘డ్రీమ్‌లాండ్’, ‘మైటీ రీఅరేంజర్’. గిటార్ జస్టిన్ ఆడమ్స్, ఈయన సహారా ఎడారి టువరెగ్ సంగీతంలో మునిగిన మనిషి, టినారివెన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌కి పనిచేసినవాడు. 2003లో వీళ్ళు మాలి దేశం వెళ్ళి ఎడారిలో జరిగే ఫెస్టివల్‌లో వాయించారు. అక్కడి గాలంతా 2005 నాటి ‘షైన్ ఇట్ ఆల్ ఎరౌండ్’ పాటలో ఉంది, డ్రమ్స్ బరువుగా, గొంతు మాత్రం పాకుతున్నట్టు. ‘టిన్ పాన్ వ్యాలీ’ కూడా వినాలి. అందులో తన తరం సింగర్స్ పాత హిట్లు పాడుకుంటూ బతికేస్తున్నారని, తనకి ఆ దారి వద్దని సూటిగా చెప్తాడు, నెమ్మదిగా గొణుగుతూ చెప్తూ ఉన్నట్టుండి బ్యాండ్ మొత్తం విరుచుకుపడుతుంది. ‘డ్రీమ్‌లాండ్’లోంచి ‘సాంగ్ టు ద సైరెన్’ ఒక్కటి రాత్రిపూట.

ఇక మీరు ఊపు లేదన్న క్రాస్ ఆల్బమ్. ‘రైజింగ్ శాండ్’, 2007. అలిసన్ క్రాస్ అంటే బ్లూగ్రాస్ అనే అమెరికన్ పల్లె సంగీతంలో పెద్ద గాయని, ఫిడేలు కూడా ఆమే వాయిస్తుంది. 2004లో క్లీవ్‌లాండ్‌లో లెడ్ బెల్లీ అనే పాత బ్లూస్ గాయకుడి స్మారక కచేరీలో ఇద్దరూ కలిసి పాడారు, అక్కడ మొదలైంది. ప్రొడ్యూసర్ టీ బోన్ బర్నెట్. మొత్తం గ్రామీలు ఆరు, 2009 ఫిబ్రవరి ఫంక్షన్‌లో ఒక్కరోజే ఐదు, అందులో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కూడా.

మీకు ఊపు కనిపించకపోవడానికి కారణం ఒకటుంది, మన దగ్గర యుగళగీతం అంటే ఒక లైను అతను, ఒక లైను ఆమె, కలిసి పాడినా ఇద్దరిదీ ఒకటే స్వరం. ఇక్కడ ఒకే మాట ఇద్దరూ ఒకేసారి పాడతారు, స్వరాలు మాత్రం వేరు, ఆ రెండు స్వరాల మధ్య దూరమే పాట. మన చెవికి ఒక ట్యూన్ పట్టుకోవడం అలవాటు కాబట్టి ముందు ఏది అసలు ట్యూనో తెలియక జారిపోతుంది. ప్లాంట్‌కి కూడా ఇది కొత్తే. జెప్పెలిన్‌లో ముందు నిలబడి తనిష్టమొచ్చినట్టు, రాత్రికొక రకంగా పాడినవాడు, ఇక్కడ పక్కన ఇంకో గొంతుంది, ఈయన ఒక్క సెకను లేటుగా దిగినా, ఒక్క సంగతి ఎక్కువేసినా ఆమె లైను చెడిపోతుంది. దాదాపు అరవై ఏళ్ళ వయసులో పక్కమనిషి ఊపిరి చూసుకుంటూ పాడటం నేర్చుకున్నాడు. గొంతు తగ్గించుకుంటూ వచ్చాడని మొదట్లో చెప్పానే, అది ఇక్కడ పూర్తయింది.

‘ప్లీజ్ రీడ్ ది లెటర్’ని ఇప్పుడు బయటికి తియ్యండి. 1998 వెర్షన్ ముందు పెట్టండి, గిటార్లు గట్టిగా, నడక వేగంగా, ప్లాంట్ ఆ గిటార్ల మీద నుంచి వినపడాలని పాడతాడు, ఉత్తరం చదవమని గదమాయిస్తున్నట్టుంటుంది. తర్వాత 2007ది. నడక తగ్గించారు, జే బెల్లరోజ్ డ్రమ్స్ దూరంగా ఎక్కడో బరువుగా పడుతుంటాయి, క్రాస్ ఫిడేలు సన్నగా, ఇద్దరి గొంతులూ కలిసి. అవే మాటలు, అదే ట్యూన్, ఇప్పుడు బతిమాలుతున్నట్టుంటుంది. ఒకసారి ప్లాంట్ గొంతు మాత్రమే పట్టుకుని వినండి, ఇంకోసారి ఆమె గొంతు మాత్రమే, మూడోసారి రెండూ. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో ఈ తేడా తెలీదు. రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది ఈ వెర్షన్‌కే. పేజ్‌తో చేసినప్పుడు ఎవరూ పట్టించుకోని పాట.

అయినా ఊపే కావాలంటే ఇదే ఆల్బమ్‌లో ‘గాన్ గాన్ గాన్’ పెట్టండి, ఎవర్లీ బ్రదర్స్ పాట, కాలు ఆగదు. బరువు కావాలంటే టౌన్స్ వాన్ జాంట్ రాసిన ‘నథిన్’, గిటార్ గరుకుగా రంపంలా కోస్తుంది. మెత్తగా కావాలంటే ‘కిల్లింగ్ ది బ్లూస్’.

ఈ ఆల్బమ్ వచ్చిన కొన్ని వారాలకే, 2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో జెప్పెలిన్ రీయూనియన్ కచేరీ జరిగింది. అందరూ ఇక వరల్డ్ టూరే అనుకున్నారు, ఎంత డబ్బొచ్చేదో ఎవరి ఊహకి వాళ్ళది. ప్లాంట్ 2008లో క్రాస్‌తో టూర్‌కి వెళ్ళాడు. చాలామంది ఫ్యాన్స్ తిట్టారు, ఇప్పటికీ తిడుతున్నారు. నాకు మాత్రం ఆయన చేసింది నూటికి నూరు శాతం కరెక్ట్ అనిపిస్తుంది, ఆ కేక ఇరవై ఏళ్ళ వయసు గొంతుది, దాన్ని అరవైలో రోజూ రాత్రి మళ్ళీ తియ్యాలంటే గొంతైనా పోవాలి, పాటైనా పోవాలి.

తర్వాతివి కొంచెం వేగంగా. 2010 ‘బ్యాండ్ ఆఫ్ జాయ్’లో ‘ఏంజెల్ డాన్స్’, బోనమ్‌తో ఉన్న పాత గ్రూపు పేరే పెట్టుకున్నాడు చూడండి. 2014లో ‘లల్లబై అండ్ ది సీజ్‌లెస్ రోర్’, ఇందులో గాంబియా దేశపు జుల్దే కమారా రిట్టి అనే ఒంటితీగ ఫిడేలు వాయిస్తాడు, ‘రెయిన్‌బో’ ఆ ఆల్బమ్ పెద్ద పాట, ‘ఎంబ్రేస్ అనదర్ ఫాల్’ మాత్రం ఇంకా గొప్పది, మధ్యలో జూలీ మర్ఫీ వెల్ష్ భాషలో పాడుతుంది. 2017 ‘క్యారీ ఫైర్’లో టైటిల్ పాట, ‘ద మే క్వీన్’. 2021లో క్రాస్‌తోనే ‘రైజ్ ద రూఫ్’, అందులో ‘కాంట్ లెట్ గో’ మంచి హుషారు. 2025లో ‘సేవింగ్ గ్రేస్’, సూజీ డయాన్ అనే గాయనితో, 77 ఏళ్ళ వయసులో. గొంతు పలచబడింది, శృతి మాత్రం ఇంచు కదల్లేదు.

మీ ప్రశ్నకి నేరుగా ఆర్డర్ చెప్పాలంటే ‘బిగ్ లాగ్’తో మొదలుపెట్టి ‘షిప్ ఆఫ్ ఫూల్స్’, ‘29 పామ్స్’, ‘ఐ బిలీవ్’, ఆ తర్వాత ‘ప్లీజ్ రీడ్ ది లెటర్’ రెండు వెర్షన్లు. ఆల్బమ్స్ ఒక్కోటి వెతుక్కునే ఓపిక లేకపోతే ‘సిక్స్‌టీ సిక్స్ టు టింబక్టూ’ అని 2003లో వచ్చిన రెండు డిస్కుల కలెక్షన్ ఉంది, మొదటి డిస్కులో సోలో పాటలు, రెండోదాంట్లో జెప్పెలిన్‌కి ముందు 1966లో పాడినవాటి దగ్గర్నుంచి మాలి ఎడారిలో పాడినదాకా. రెండో డిస్కు ముందు వినకండి, అది అభిమానం కుదిరాక వినాల్సింది. పైగా అది 2003ది కాబట్టి క్రాస్ పాటలేవీ అందులో ఉండవు, ‘రైజింగ్ శాండ్’ విడిగా, మొదటి పాట నుంచి చివరిదాకా వరసలోనే వినండి, షఫుల్‌లో పెట్టొద్దు.